పసుపు ఆవు సరే, కొండ ఎర్రగా ఎందుకుంది?

బోర్డుల సామి · ఆదివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ముప్పై ఏళ్లకు పైగా సైన్‌బోర్డులు రాసినవాణ్ని. ఫ్లెక్సీలు వచ్చాక బ్రష్షుకు పని తగ్గిపోయింది. ఇప్పుడు షాపు షట్టర్లు, బడి గోడల మీద బొమ్మలు, తీరిక దొరికితే కాన్వాసు. చదువు పదో తరగతి, కాబట్టి ఏదైనా తప్పుగా రాస్తే సర్దుకోండి.

మా బావమరిది రేణిగుంట రోడ్డులో ఇల్లు కట్టాడు. హాల్లో సోఫా వెనక గోడకు ఐదడుగుల బొమ్మ కావాలన్నాడు. “కొండ, ఆవు, కొంచెం పచ్చదనం. మిగతాది నీ ఇష్టం బావా” అన్నాడు. ‘నీ ఇష్టం’ అన్న మాటను నేను నిజంగా నమ్మాను. అదే నా తప్పు.

ఫ్రాంజ్ మార్క్ అనే జర్మన్ చిత్రకారుడు 1911లో వేసిన పసుపు ఆవును మీలో కొందరైనా చూసి ఉంటారు. వెనక కాళ్లు గాల్లోకి విసిరి గంతేస్తుంటుంది. ఒళ్లంతా పసుపు, మధ్యలో నీలం మచ్చలు, దూరంగా నీలం కొండలు. ఫోన్లో దాన్ని చూసినప్పటినుంచీ మన పుంగనూరు ఆవును అట్ల వేయాలని మనసులో ఉంది. వేశాను. ముందు పసుపు ఆవు, వెనక శేషాచలం. కొండ కింది సగం నీలం, పైసగం ఎరుపు. చెట్లు కూడా ఎర్రగానే వేశాను, ఎర్రచందనం కదా అని.

గృహప్రవేశానికి నాలుగు రోజుల ముందు తీసుకుపోయి గోడకు ఆనించాను. ఆవు పసుపుగా ఉందేమిటని ఒక్కరూ అడగలేదు! “కనుమ నాడు పసుపు పూసినట్టుందే” అని మా అత్త సంబరపడింది కూడా. కొండ చూడగానే మాత్రం ముఖాలు మారిపోయాయి. “కొండ కాలిపోతున్నట్టుంది. స్వామి కొండను ఇట్ల ఎవరైనా వేస్తారా?” అన్నారు. బొమ్మ వెనక్కి వచ్చి నా షెడ్డులో ఉంది.

నేను అడిగేది ఇది. మార్క్ ఒక్కో రంగుకు ఒక్కో అర్థం పెట్టుకున్నాడని విన్నాను. ఆయన ఎరుపుకు అర్థం ఏమిటి? అది మన కొండకు పనికొస్తుందా, లేక వాళ్ల కొండలు వేరు, మన కొండలు వేరా?

మ్యూనిక్ చిత్తూరోడు · ఆదివారం రాత్రి 11:47

అన్నా, మంచి ప్రశ్న. మార్క్ సొంత ఊరు మ్యూనిక్, నేనుండేది అక్కడే. పుట్టింది చిత్తూరు, గిరింపేట.

మీరు విన్నది నిజమే. 1910 డిసెంబరులో మార్క్ తన స్నేహితుడు, చిత్రకారుడు ఆగస్ట్ మాకేకి ఒక ఉత్తరం రాశాడు. అందులో మూడు రంగులకు లెక్క చెప్పాడు. నీలం పురుష తత్వం, గంభీరం, ఆధ్యాత్మికం. పసుపు స్త్రీ తత్వం, మెత్తన, ఉల్లాసం, ఇంద్రియ సుఖం. ఎరుపు పదార్థం, అంటే మట్టి, బరువు, మొరటుతనం. మిగతా రెండూ ఎప్పుడూ ఎదిరించి గెలవాల్సిన రంగు అది.

అందుకే కొందరు కళా చరిత్రకారులు పసుపు ఆవును పెళ్లి బొమ్మగా చూస్తారు. భార్య మరియాతో ఆయన కొత్త కాపురం 1911లోనే. గంతేసే ఆవు ఆమె, వెనక నిలబడిన నీలం కొండలు ఆయన. అంటే ఆ బొమ్మలో ల్యాండ్‌స్కేప్ ఒక పాత్ర. ఆవు వెనక వేలాడదీసిన పరదా కాదు. నాకు అందులో నచ్చేది అదే.

ఆ బొమ్మ ఇప్పుడు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్‌లో ఉంది. మ్యూనిక్‌లో నేను చూసింది అదే ఏడు వేసిన నీలి గుర్రం. లెన్‌బాఖ్‌హౌస్ మ్యూజియంలో ఉంటుంది. 112 సెంటీమీటర్ల ఎత్తు, 84.5 వెడల్పు, అంతే. పోస్టర్లు చూసి చూసి నేను గోడంత ఉంటుందనుకున్నాను. గుర్రం తల వంచి నిలబడి ఉంటుంది, ఏదో తప్పు చేసి ఆలోచిస్తున్న కుర్రాడిలా. దాని వెనక కొండలు పసుపు, ఎరుపు, ఊదా. వాటిలో ఒక్కటి కూడా కొండ రంగు కాదు. అయినా అవి కొండలు కాదని ఒక్క క్షణం కూడా అనిపించదు.

ఏడోమైలు · సోమవారం ఉదయం 7:05

నాకు ఈ అర్థాల గోల ఎప్పుడూ అనుమానమే. చిత్రకారుడు ముందు చేతికి వచ్చిన రంగు వేస్తాడు, తర్వాత ఉత్తరం రాస్తాడు. తర్వాత వందేళ్లు మనం ఆ ఉత్తరం పట్టుకుని బొమ్మ చూస్తాం.

మ్యూనిక్ చిత్తూరోడు · సోమవారం ఉదయం 11:20

ఇక్కడ వరస తిరగబడింది సార్. ఉత్తరం 1910 డిసెంబరుది, ఈ బొమ్మలు 1911వి. లెక్క ముందు, బొమ్మ తర్వాత.

ఏడోమైలు · సోమవారం ఉదయం 11:41

సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. అనుమానం మాత్రం నా దగ్గరే ఉంటుంది.

కాళహస్తి కలం · సోమవారం మధ్యాహ్నం 2:30

బోర్డుల సామి అన్నా, నేను శ్రీకాళహస్తిలో కలంకారీ చేస్తాను. మ్యూనిక్ తమ్ముడు రాసింది చదివి నవ్వొచ్చింది. మాకు పని నేర్పేటప్పుడు మొదటి వారంలో చెప్పే పాఠం దాదాపు ఇదే.

మా దగ్గర దేవుడు నీలం. విష్ణువు, రాముడు, కృష్ణుడు, అందరూ నీలమే. ఆడవాళ్లు పసుపు. రాక్షసులు ఎరుపు. హనుమంతుడు పచ్చ. సీతమ్మ ముఖం పసుపుగా ఉందేమిటని మా బట్ట ముందు నిలబడి ఎవరూ అడగరు. మీ అత్తగారు పసుపు ఆవును ఎందుకు ఒప్పుకున్నారో నాకు అర్థమైంది. ఆవిడ చిన్నప్పటినుంచీ ఆ భాషలోనే బొమ్మలు చూస్తోంది.

ఇంకో సంగతి. మేము ఏ రంగు ఎప్పుడు వేయాలో మా ఇష్టం కాదు. ముందు గాడా అనే ముతక నూలు బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతాం. చింతబొగ్గుతో గీత గీసి, దాని మీద కసిమితో నల్లగీత వేస్తాం. కసిమి అంటే తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి వారాల తరబడి పులియబెట్టింది. తర్వాత ఎరుపు పడాల్సిన చోట పటిక నీళ్లు పూసి, ఉతికి, రంగు చెక్కలతో ఉడకబెడతాం. పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట నిలవదు. ఆ తర్వాత పసుపు, చివరికి నీలం. పచ్చకు వేరే గిన్నె లేదు. పసుపు మీద నీలం పడితేనే పచ్చ. అంటే హనుమంతుడు రెండు రంగుల బిడ్డ.

మీ బొమ్మలో తప్పు ఎరుపుది కాదనిపిస్తోంది. దాన్ని పెట్టిన చోటుది కావచ్చు. ఫోటో పెట్టండి.

పీలేరు పిల్ల · సోమవారం సాయంత్రం 6:15

ఆడవాళ్లు మెత్తన, మగవాళ్లు ఆధ్యాత్మికం! ఆ ఉత్తరం రాసినాయన మా అమ్మమ్మను చూడలేదు పాపం. ఆవిడ ముఖానికి రోజూ పసుపే, మెత్తదనం మాత్రం ఇంటిల్లిపాది వెతికినా దొరకదు.

జోక్ పక్కన పెడితే, కలం అక్కా, నాకో సందేహం. తెలుగులో ‘పచ్చ’ అంటే పసుపా, ఆకుపచ్చా? పచ్చటి చేను అంటాం, పచ్చటి ఒళ్లు అంటాం. పచ్చకామెర్లు అంటాం. ఒకే మాటలో రెండు రంగులూ పెట్టుకున్నాం. కృష్ణుణ్ని నల్లనయ్య అని పిలిచి బొమ్మలో నీలం వేస్తాం. మన మాటకే రంగు ఇంత వదులుగా ఉంటే జర్మన్ ఉత్తరంలో లెక్క మనకు ఎట్ల సరిపోతుంది?

కాళహస్తి కలం · సోమవారం రాత్రి 8:02

మంచి పాయింట్ పట్టావమ్మా. మేమైతే పనిచేసేటప్పుడు పచ్చ అనం. పసుపు అంటాం, ఆకుపచ్చ అంటాం. లేకపోతే గిన్నెలు మారిపోతాయి!

తంబళ్లపల్లె తుంటరి · సోమవారం రాత్రి 8:40

పసుపు, నీలం కొట్టుకుంటున్నాయి అంటే మన రాష్ట్రంలో దానికి మార్క్ ఉత్తరం అక్కర్లేదు కదా బ్రదర్స్. ఏది గెలుస్తుందో చెప్పండి.

నిర్వాహకుడు · సోమవారం రాత్రి 8:44

దీని తర్వాత వచ్చిన పదకొండు వ్యాఖ్యలు తీసేశాను. రంగులంటే ఇక్కడ బొమ్మల రంగులే. జెండాలకు వేరే చోటుంది.

రాళ్ల మాస్టారు · సోమవారం రాత్రి 9:30

నేను జియాలజీ చెప్పి రిటైరయ్యాను. కళ తెలియదు, కొండ తెలుసు.

దూరపు కొండ నీలంగా కనిపించడంలో అర్థం, తత్వం ఏమీ లేవు. మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి సూర్యకాంతిలోని నీలాన్ని ఎక్కువగా చెదరగొడుతుంది. ఆ చెదిరిన నీలం మన కంటికీ కొండకూ మధ్య పల్చటి తెరలా పడుతుంది. కొండ ఎంత దూరమైతే తెర అంత చిక్కన. రేణిగుంట నుంచి చూస్తే శేషాచలం నీలం, కపిలతీర్థం దగ్గర నిలబడితే కాదు.

మరి దగ్గరకొస్తే ఏ రంగు? ఎరుపే. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు పక్కకు తిరిగి చూడండి. కింద పాతకాలపు గ్రానైటు, దాని మీద క్వార్ట్‌జైటు (ఇసుకరాయి మారి గట్టిపడిన రాయి) పొరలు, మధ్యలో గీత గీసినట్టు సరిహద్దు. ఆ గీత దగ్గర కోట్ల ఏళ్ల చరిత్ర లేదు, కొట్టుకుపోయింది. దాన్ని ఎపార్కియన్ అసంగతి అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. బస్సులో వాంతులు ఆపుకుంటూ వెళ్లేవాళ్లకు ఎక్కడ కనిపిస్తుంది లెండి. ఆ పైపొర క్వార్ట్‌జైటుకు ఇనుము వల్ల ఎర్రటి, గులాబీ ఛాయ ఉంటుంది. పొద్దు వాలేటప్పుడు రాతి గోడ కణకణలాడుతుంది.

కాబట్టి సామిగారూ, మీరు కింద నీలం, పైన ఎరుపు వేశారంటే ఒక రకంగా భూగర్భ శాస్త్రానికి దగ్గరగానే వేశారు. మీ బావమరిదికి నా పేరు చెప్పండి.

మదనపల్లె టమాటా · మంగళవారం ఉదయం 6:50

మార్కెట్‌కు పోయే ముందు రెండు ముక్కలు రాస్తున్నా. కలం అక్క చెప్పిన పోలిక చదివి నాకు వేరే దారం దొరికింది.

మార్క్‌కు కలంకారీ తెలిసే అవకాశం తక్కువ. కానీ ఆయన స్నేహితుడు, రష్యా చిత్రకారుడు కాండిన్‌స్కీ ఉన్నాడు. 1911లో ఇద్దరూ కలిసి ‘నీలి రౌతు’ అనే బృందం మొదలుపెట్టారు. సిండెల్స్‌డోర్ఫ్ అనే పల్లెలో, తోటలో కాఫీ తాగుతూ ఆ పేరు పెట్టుకున్నామని కాండిన్‌స్కీ తర్వాత చెప్పాడు. ఇద్దరికీ నీలం ఇష్టం, మార్క్‌కు గుర్రాలు ఇష్టం, తనకు రౌతులు ఇష్టం, పేరు దానంతట అదే వచ్చిందట. ఆ కాండిన్‌స్కీ థియోసఫీ (దివ్యజ్ఞాన సమాజం వాళ్ల ఆధ్యాత్మిక సిద్ధాంతం) బాగా చదివాడు. ఆ సమాజం పెద్దలు అనీబీసెంట్, లెడ్‌బీటర్ కలిసి మనసులోని భావాలకు రంగులూ ఆకారాలూ ఉంటాయని ఒక పుస్తకం రాశారు. భక్తికి నీలం, కోపానికి ఎరుపు, అట్ల. దాని జర్మన్ అనువాదం 1908లో వచ్చింది.

ఆ అనీబీసెంటే 1915లో మా మదనపల్లెలో కాలేజీ పెట్టింది. 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది ఆ కాలేజీలోనే. అంటే మార్క్ రంగుల లెక్క వెనక ఉన్న గాలి కొంత ఆ సమాజం ఆఫీసున్న మద్రాసు అడయారు మీదుగా వెళ్లిందే. నీలం భక్తి అన్న మాట వాళ్లకు మన దేశం నుంచే చేరి ఉండొచ్చు కదా?

ఏడోమైలు · మంగళవారం ఉదయం 8:15

ఇదిగో, దీనికే నేను భయపడ్డాను. ఇంకో రెండు రోజులు ఆగితే మార్క్ తాతది పుంగనూరు అంటారు.

జర్మన్లకు రంగుల మీద సొంత చర్చ వందేళ్ల ముందునుంచే ఉంది. వాళ్ల కవి గోథే రంగుల గురించి పెద్ద పుస్తకమే రాశాడు, 1810లో. నీలం అంటే చల్లదనం, దూరం, లోతు అని అనుకోవడానికి ఎవరికీ మన అనుమతి అక్కర్లేదు. ఆకాశం అక్కడా నీలమే.

మదనపల్లె టమాటా · మంగళవారం మధ్యాహ్నం 1:10

ఒప్పుకుంటున్నా. ‘ఉండొచ్చు’ అన్న మాట కొంచెం పొడుగైంది. కాండిన్‌స్కీ వరకు మాత్రం నా మాట గట్టిదే. ఈ రోజు టమాటా రేటు కూడా నా మీద పగబట్టింది, వదిలేయండి.

బోర్డుల సామి · మంగళవారం రాత్రి 10:05

అందరికీ దండం. ఇంత మంది రాస్తారనుకోలేదు. ఫోటో పెట్టాను, లైటింగ్ సరిగా లేదు, షెడ్డులో ట్యూబులైటు ఒక్కటే.

రాళ్ల మాస్టారుగారూ, మీ మాట మా బావమరిదికి చదివి వినిపించాను. “రాయి ఎర్రగా ఉంటే ఉండనీ బావా, నా గోడ మీద ఎందుకు?” అన్నాడు.

మీరందరూ రాసింది చదివాక నాకు నా పని గుర్తొచ్చింది. నీలం బోర్డు మీద ఎర్ర అక్షరం రాస్తే అక్షరం నిలవదు. అంచు దగ్గర కళ్లు అదురుతాయి, అక్షరం బోర్డు మీద నుంచి పైకి లేచి కదులుతున్నట్టుంటుంది. మా గురువు నేర్పిన మందు ఒకటే: రెండింటి మధ్య సన్నగా పసుపు లైను లాగడం, లేకపోతే తెల్లది. అప్పుడు రెండూ ఎక్కడివక్కడ కూర్చుంటాయి. నా బొమ్మలో కొండ నీలం, కొండ ఎరుపు నేరుగా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. పసుపు అంతా ఆవు దగ్గరే ఉండిపోయింది, కొండ వరకు చేరలేదు. ఇది మార్క్‌కు తెలుసా?

మ్యూనిక్ చిత్తూరోడు · బుధవారం తెల్లవారుజాము 1:30

అన్నా, నిద్రపోదామనుకున్నవాణ్ని మీరు లేపారు. తెలుసు. అదే ఉత్తరంలో ఉంది, జనం మొదటి మూడు వాక్యాలు చెప్పి మిగతాది వదిలేస్తారు. నేనూ అదే చేశాను.

మూడు రంగుల అర్థాలు చెప్పాక మార్క్ వాటిని కలపడం మొదలుపెడతాడు. నీలంలో ఎరుపు కలిస్తే ఊదా అవుతుంది, నీలం భరించలేని దుఃఖంలోకి జారుతుంది, అప్పుడు సర్దిచెప్పడానికి పసుపు తప్పనిసరి అంటాడు. ఎరుపు, పసుపు కలిసి నారింజ అయితే పసుపుకు రేగిన బలం వస్తుంది, దాన్ని అదుపు చేయడానికి నీలం కావాలంటాడు. ఆకుపచ్చ వేస్తే ఎరుపు, అంటే మట్టి, మేల్కొంటుంది. దాన్ని ఊరుకోబెట్టడానికి మళ్లీ నీలం, పసుపు, అంటే ఆకాశం, సూర్యుడు రావాలి. మొత్తం మీద ఏ రంగూ ఒంటరిగా ఏమీ చెప్పదు. పక్కింటివాళ్లు ఎవరన్నదాన్ని బట్టే దాని మాట.

ఇంకో సంగతి, మీకు నచ్చుతుంది. తన కన్ను మోసపోతోందేమోనని మార్క్ గాజు పట్టకంలోంచి రంగులు చూసుకునేవాడు. రస్సీ అని ఆయనకో తెల్ల కుక్క ఉండేది. అది మంచులో పడుకున్న బొమ్మ 1911లో వేశాడు. తెల్ల మంచు, తెల్ల కుక్క. కుక్కను కాస్త పసుపు వైపు, మంచును నీలం వైపు నెట్టాడు. మీ పసుపు లైను పని అక్కడ బొమ్మ మొత్తం చేస్తోంది.

కాళహస్తి కలం · బుధవారం ఉదయం 10:20

ఫోటో చూశాను అన్నా. ఆవు చాలా బాగుంది, వీపు గీత ఒక్క ఊపులో లాగారు. కొండ దగ్గర మాత్రం బ్రష్షు కింది నుంచి పైకి కొట్టారు. ఎరుపంతా పైకి పోయే కొద్దీ మొనలు తేలింది. బట్ట మీద మేము హోమగుండం వేస్తే గీత అచ్చం అట్లాగే వేస్తాం.

పీలేరు పిల్ల · బుధవారం ఉదయం 11:05

అక్క చెప్పింది చదివి వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను. మీ వాళ్లకు ‘కాలిపోతున్నట్టుంది’ అని ఊరికే అనిపించలేదు సామన్నా. 2014 మార్చిలో శేషాచలం అడవి అంటుకుంది గుర్తుందా? ఆర్పడానికి హెలికాప్టర్లు వచ్చాయి. మా పిన్నివాళ్లది తిరుపతి. రాత్రుళ్లు మిద్దె ఎక్కి చూస్తే కొండ మీద ఎర్రటి గీతలు పాకుతూ ఉండేవి. వాళ్లెవరూ సరిగా నిద్రపోలేదు. మీ అత్తగారు కూడా ఆ రోజుల్లో అక్కడే ఉండి ఉంటారు కదా. ఆవిడకు ఎర్ర కొండ అంటే ఆ రాత్రే. అక్కడ జర్మన్ లెక్క ఏం చేస్తుంది, మాస్టారుగారి రాయి మాత్రం ఏం చేస్తుంది?

రాళ్ల మాస్టారు · బుధవారం మధ్యాహ్నం 12:00

ఏమీ చేయదు. బాగా చెప్పావమ్మా.

మ్యూనిక్ చిత్తూరోడు · బుధవారం రాత్రి 9:55

పీలేరు పిల్ల పోస్టు చదివి పగలంతా ఒక బొమ్మ గురించే ఆలోచిస్తున్నాను. మార్క్ దగ్గర కూడా ఎర్ర కొండలు రెండు రకాలున్నాయి. పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకటి 1911లో వేసిన పెద్ద నీలి గుర్రాలు, అమెరికాలో మినియాపోలిస్‌లో ఉంది. ముందు మూడు నీలం గుర్రాలు, వెనక ఎర్రటి కొండలు. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు, కుంకుమ ఎరుపు. కానీ నిప్పు గుర్తుకు రాదు. ఎందుకంటే కొండ గీత, గుర్రం మెడ గీత, వీపు గీత, అన్నీ ఒకే గుండ్రటి వంపు. కొండ కూడా పడుకుని ఊపిరి తీస్తున్న జంతువులా ఉంటుంది.

రెండోది 1913లో వేసిన జంతువుల గతి, స్విట్జర్లాండ్‌లో బాసెల్‌లో ఉంది. దాదాపు రెండు మీటర్ల ఎత్తు, రెండున్నర మీటర్లు దాటిన వెడల్పు. అడవి విరిగి పడుతోంది. మధ్యలో ఒక నీలం జింక మెడ పైకెత్తి, మీద పడబోతున్న చెట్టు కింద నిలబడి ఉంటుంది. ఒక మూల ఆకుపచ్చ గుర్రాలు. గుండ్రటి గీత వెతికినా దొరకదు, అన్నీ వాలుగా దూసుకొచ్చే కత్తుల్లాంటి గీతలే. ఇక్కడ ఎరుపు నిప్పే, ఎవరూ చెప్పక్కర్లేదు. చిత్రకారుడు అదే, రంగుల లెక్క అదే, మధ్యలో రెండేళ్లు. మారింది గీత. కలం అక్క హోమగుండం మాట దగ్గర నేను ఆగిపోయింది అందుకే.

దానికి మార్క్ ముందు పెట్టుకున్న పేరు ఇంకా బాగుంటుంది: చెట్లు తమ వలయాలు చూపాయి, జంతువులు తమ రక్తనాళాలు చూపాయి. ఇప్పుడున్న పేరు ఆయన స్నేహితుడు, చిత్రకారుడు పాల్ క్లే సలహా. నరికిన ఎర్రచందనం దుంగ కోత చూసినవాళ్లకు ఆ పాత పేరు వేరే రకంగా వినిపిస్తుంది.

తర్వాత కథ ఇంకా ఘోరం. 1914లో యుద్ధం వచ్చింది, మార్క్ సైన్యంలో చేరాడు. 1915లో యుద్ధభూమిలో ఉండగా ఆయనకు ఈ బొమ్మే అచ్చేసిన పోస్టుకార్డు ఒకటి చేరింది. చూసి ఉలిక్కిపడి, ఇది ఈ యుద్ధాన్ని ముందే చూసినట్టుంది, నేనే వేశానంటే నమ్మలేకపోతున్నాను అన్న అర్థంలో భార్యకు రాశాడు. 1916 మార్చి 4న ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర ఫిరంగి గుండు ముక్క తగిలి చనిపోయాడు. 36 ఏళ్లు. అదే ఏడు గోడౌన్‌లో నిప్పంటుకుని ఈ బొమ్మలో కుడివైపు భాగం కాలిపోయింది. క్లే దాన్ని పాత ఫోటోలు చూసి బాగుచేశాడు. కానీ పాత రంగులు మళ్లీ తెచ్చినట్టు నటించలేదు, ఆ భాగాన్ని గోధుమ ఛాయలోనే ఉంచాడు. ఇప్పటికీ ఎక్కడివరకు కాలిందో కనిపిస్తుంది.

సామన్నా, మీకోసం ఇంకొక్కటి. చనిపోవడానికి కొద్ది వారాల ముందు సైన్యంలో ఆయనకిచ్చిన పని ఏమిటో తెలుసా? ఫిరంగులు పైనుంచి విమానాలకు కనబడకుండా టార్పాలిన్ పట్టాల మీద రంగులు వేయడం. ఫ్రెంచి చిత్రకారుడు మానే నుంచి కాండిన్‌స్కీ దాకా ఒక్కొక్కరి పద్ధతిలో వేస్తున్నానని ఇంటికి సరదాగా రాశాడు.

బోర్డుల సామి · బుధవారం రాత్రి 11:30

టార్పాలిన్ మీద నేను కూడా రాశాను తమ్ముడూ. చాందినీలు, లారీ పట్టాలు. పెయింటు తాగేస్తుంది, రెండు కోట్లు వేస్తే గానీ నిలవదు. యుద్ధంలో ఆయనకు ఎన్ని డబ్బాలిచ్చారో.

ఏడోమైలు · గురువారం ఉదయం 6:40

చదివాను. నా అనుమానం కొంచెం సన్నబడిందని రాసుకోండి. ఉత్తరం లేకపోయినా ఆ నీలం జింక నాకు అర్థమయ్యేది, అదొక్కటి మాత్రం వదలను.

కాళహస్తి కలం · గురువారం ఉదయం 9:15

అన్నా, ఎరుపు తీసేయొద్దు. మన కొండ పేరే శేషాచలం. ఆదిశేషుడు చుట్ట చుట్టుకుని పడుకున్న కొండ అని చిన్నప్పటినుంచీ వింటున్నాం. పాము వీపుకు మొనలుండవు. మీ ఆవు వీపు గీత ఎట్ల లాగారో, కొండను కూడా అదే చేత్తో లాగి చూడండి. ఎరుపును ఆ వంపు లోపల కూర్చోబెట్టండి. మీ సైన్‌బోర్డు పసుపు లైను ఎక్కడ రావాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

బోర్డుల సామి · ఆదివారం రాత్రి 8:50

వారం రోజులైంది, చెప్పి తీరాలి కదా.

శుక్ర, శనివారాలు కూర్చున్నాను. ఎరుపు మొనలన్నీ తుడిచి, ఆరినచోట గీకి, కొండను మూడు వంపులు చేశాను. మధ్య వంపు ఆవు వీపుకు సరిగ్గా జోడు. ఎరుపు తగ్గించలేదు. నీలం, ఎరుపు కలిసేచోట పసుపు ముందు సన్నగా లాగాను, బోర్డులా కనిపించింది, తుడిచేశాను. తర్వాత పొడి బ్రష్షుతో అక్కడక్కడా మాత్రమే అద్దాను, ఎండ తగిలినట్టు. చెట్లను కొన్ని ఎర్రగానే వదిలాను. ఒక చెట్టు మొదలు కోసినట్టు వేసి, వలయాలు గీశాను. అది మ్యూనిక్ తమ్ముడి కోసం.

ఈ రోజు పొద్దున తీసుకుపోయాను. హాల్లో ఆ గోడకు అప్పటికే లైట్లు వెలిగే జలపాతం ఫ్రేము ఒకటి బిగించేశారు. స్విచ్ వేస్తే నీళ్లు పడుతున్నట్టు కదులుతుంది. మా బావమరిది అటు ఇటు చూసి టీ తెప్పించాడు.

మా అత్త వచ్చి బొమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. చాలాసేపు ఏమీ అనలేదు. పీలేరు పాప చెప్పింది గుర్తొచ్చి, ఆ మంటల రోజులు గుర్తున్నాయా అత్తా అని అడిగాను. మూడు రాత్రులు మిద్దె మీదే ఉన్నామని చెప్పింది. తర్వాత వేలితో కొండ వంపు చూపించి, “ఇది ఇప్పుడు పడుకుంది” అంది. బొమ్మను తన గదిలో పెట్టమంది.

తంబళ్లపల్లె తుంటరి · ఆదివారం రాత్రి 9:02

సామీ, డబ్బులు ఎవరిచ్చారు?

బోర్డుల సామి · ఆదివారం రాత్రి 9:10

ఇంకా ఎవరూ ఇవ్వలేదు. మేకు కూడా నాదే.